పుస్తకపు బెంగాలీ

శిశిర్ భౌమిక్ తల్లి కనకలత కలకత్తా నుంచి వచ్చి నెల్లూరులో మెయిలు దిగే రోజున శిశిర్ సముద్రంలో ఉన్నాడు. ముందురోజు పొద్దున లాంచీ ఎక్కి పోయినవాడు సాయంత్రానికి రావాల్సింది, రాలేదు. రాత్రంతా ఈశాన్యం గాలి కొట్టింది. తెల్లవారేసరికి కృష్ణపట్నంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు ఇసుకదిబ్బల నడుముదాకా ఎక్కుతున్నాయి.

ఎవరో ఒకరు స్టేషనుకు పోవాలి. ఆ తల్లికి తెలుగు రాదు, ఇంగ్లీషు రాదు. రేవు ఆఫీసులో ఓవర్సీరు కామాక్షయ్య తెగిపోయిన తంతి తీగెల గురించీ, రాని లాంచీ గురించీ తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన్ని అడిగే పని లేదు. శిశిర్ కాక ఊళ్లో బెంగాలీ మాట్లాడగలిగిన మనిషి ఒక్కతే, మిషను బడి టీచరు ఆనందకుమారి. ఆ తల్లి అంత దూరం రైల్లో కూర్చుని వస్తున్నది ఆనందకుమారితో తన కొడుకు పెళ్లి జరగకుండా చేయడానికే.

శిశిర్ ఈ ఊరు వచ్చి రెండేళ్లయింది. పెద్ద ఓడలు లోపలికి రాగలవా లేదా అని మొగలో నీళ్ల లోతు కొలిచే సర్కారు జట్టులో అతను చిన్న సర్వేయరు. 1961లో, వచ్చిన కొత్తలో, అరికాలు ఆల్చిప్పకు కోసుకుని మిషను డిస్పెన్సరీకి కుంటుకుంటూ వచ్చాడు. కాంపౌండరు అబ్రహాము కట్టు కట్టాడు. ఆయన మాట అతనికీ అతని మాట ఆయనకూ ఇంగ్లీషు తెలిసిన కూతురు ఆనందకుమారి అందించింది. కట్టు విప్పే రోజుకు అతను తెలుగు నేర్పమన్నాడు. అయితే నాకు బెంగాలీ నేర్పు అంది ఆనందకుమారి. పాఠాలు డిస్పెన్సరీ వరండాలోనే, అబ్రహాము కళ్లెదుటే జరిగేవి. ఆయనకు అందులో తప్పేమీ కనబడలేదు.

చదువుకోవడానికి శిశిర్ దగ్గర ఉన్న బెంగాలీ పుస్తకం ఒక్కటే, అట్టలూ మొదటి పేజీలూ ఊడిపోయిన నవల. రాసిందెవరో, దాని పేరేమిటో అతనికీ తెలియదు. ఢాకాలో జనపనార వ్యాపారం చేసే ఒక అర్మేనియా క్రైస్తవుడి ఇంట్లో పిల్లలకు లెక్కలు చెప్పడానికి బ్రాహ్మణ కుర్రవాడొకడు చేరతాడు. ఆ ఇంటి పెద్దమ్మాయీ అతనూ ఒకరినొకరు ఇష్టపడతారు. రెండు ఇళ్లూ ఒప్పుకోవు. ఆనందకుమారి ఆ నవలను మొదటిసారి అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, రెండోసారి పరుగున చదివింది. అది పాతకాలపు నవల. మనకు గ్రాంథికం ఉన్నట్టే వాళ్లకూ ఒక పుస్తకాల భాష ఉండేది. ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. ఆమెకు అబ్బింది ఆ భాషే. ఆమె నోరు విప్పితే శిశిర్ కడుపు పట్టుకుని నవ్వేవాడు. దిద్దేవాడు మాత్రం కాదు, వినడానికి బాగుందనేవాడు.

అలా నవ్వుకుంటూ ఉండగానే పెళ్లి చేసుకోవాలన్న మాట ఇద్దరి మధ్యా వచ్చేసింది. సంగతి తెలిశాక అబ్రహాము కేకలేయలేదు. వరండాలో శిశిర్ కూర్చునే కుర్చీ లోపల పెట్టేశాడు. ఆయన చర్చి సంఘంలో పెద్ద. పరవిశ్వాసిని అల్లుడిగా తెచ్చుకుంటే ఆదివారం నాడు ఎవరి ముఖమూ చూడలేడు. విడవలూరులో సంజీవరావు అనే మేష్టరు ఉన్నాడని తెలిసి కూతురి సంబంధానికి అటు కబురు పెట్టాడు. శిశిర్ తన తల్లికి రాశాడు. నేను వస్తున్నాను, అందాకా ఏమీ చేయొద్దు అని ఆమె తిరుగు టపాలో జవాబిచ్చింది.

ఆ పొద్దున అబ్రహాము స్టవ్ మీద సూదులు ఉడకబెడుతున్నాడు. ఆనందకుమారి ఆయన వెనక నిలబడి స్టేషనుకు పోతానంది. ఆయన తిరిగి చూడలేదు.

"ఆమె వస్తా ఉండేది నిన్ను వద్దనేదానికి. నేనూ వద్దనే అంటా ఉండా. మళ్లీ నువ్వు ఎదురుబోయేది దేనికి?"

"ఆడ ఆమెకు తెలిసినోళ్లు ఎవురూ లేరు నాయనా."

అబ్రహాము సూదులను పట్టకారుతో ఒక్కొక్కటే తీసి పళ్లెంలో పెడుతూ ఉండిపోయాడు. వెళ్లమనలేదు, వెళ్లొద్దనీ అనలేదు. ఆనందకుమారి గొడుగు తీసుకుని బస్సుకు నడిచింది.

వానకు మెయిలు ఆలస్యమైంది. దిగినవాళ్లలో తెల్లచీర ముసుగు వేసుకున్న సన్నటి ఆవిడ ఒక్కతే అటూ ఇటూ చూడకుండా, రేకుపెట్టె మీద చెయ్యేసి నిలబడింది. రెండో చేతిలో మూత బిగించిన ఇత్తడి చెంబు ఉంది. నుదురూ, నిలబడిన తీరూ శిశిర్‌వే. ఆనందకుమారి దగ్గరికి పోయి చేతులు జోడించింది. శిశిర్‌తో తప్ప ఆమె ఇంకెవరితోనూ ఇంతవరకూ బెంగాలీ మాట్లాడలేదు.

"తాము శిశిరుని జననియే గదా? తమ్ము గొనిపోవుటకై నేను వచ్చితిని."

కనకలత ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. వినబడింది బెంగాలీయేనని నమ్మడానికి ఆమెకు కాసేపు పట్టింది. తర్వాత శిశిర్ ఏడి అని అడిగింది.

దారిపొడవునా ఆనందకుమారి ఈ ప్రశ్నకే జవాబు కూర్చుకుంటూ వచ్చింది. లాంచీ, ఇంజను, సర్వే, ఇవేవీ ఆ నవలలో లేవు. ఉన్న మాటల్లోంచి ఏరుకుని, నెమ్మదిగా చెప్పింది: "తమ పుత్రుడు నిన్నటి ప్రాతఃకాలమున సముద్రమునకు ఏగెను. మరలి రాలేదు."

కనకలత పెట్టె మీద కూలబడింది. అప్పుడు గుర్తొచ్చింది ఆనందకుమారికి. నవలలో కుర్రవాడి తండ్రి పద్మానదిలో పడవ మునిగి పోయినప్పుడు వాడిన మాటలే అవి. ఆమె గభాలున కిందికి వంగి, అట్లు కాదు, అట్లు కాదు అని నాలుగైదుసార్లు అంది. ఆమె చీరచెంగు వానకు తడిసి కనకలత కాళ్ల మీద పడింది.

"బతికున్నాడా?"

అవునని చెప్పడం ఎంతో సులువు. ఆ మాట ఆమెకు వచ్చు కూడా. కానీ ఆమె అది అనలేదు.

"ఎరుగను తల్లీ. ఎవరును ఎరుగరు. ఎదురుచూచుచున్నాము."

కనకలత ఆమె కళ్లలోకి చూసి, చెంబు చేతికి తీసుకుని లేచింది. పెట్టె పట్టుకోబోతే ఇవ్వలేదు. కూలీ చేత మోయించుకుంది.

ముత్తుకూరు బస్సులో ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కిటికీ తెర కొట్టుకుంటూ ఉంటే వాన లోపలికి పడుతోంది. చాలాసేపటికి కనకలత కిటికీ వైపు చూస్తూనే, నువ్వేనా ఆ పిల్లవి అని అడిగింది. ఆనందకుమారి నేనే అంది. కనకలత చెంబులోంచి గొంతు తడుపుకున్నప్పుడు ఒక చుక్క కింద పడితే మూత ఇంకా బిగించింది. ఆ నీళ్లు అయిపోతే ఇక్కడ ఎవరి నీళ్లూ ముట్టదని ఆనందకుమారికి అర్థమైంది.

ముత్తుకూరు దాటాక రోడ్డు మీద మోకాటిలోతు నీళ్లు. బస్సు అక్కడే ఆగిపోయింది. అక్కడి నుంచి కొంత ఎద్దుబండిలో, బండి దిగబడ్డాక నడిచి వచ్చారు. కృష్ణపట్నం చేరేసరికి శిశిర్ ఉండే రేవు క్వార్టర్సు పెంకులు లేచిపోయి, గది నిండా నీళ్లు నిలిచి ఉన్నాయి. కనకలత గడప దగ్గర నిలబడి, తాడు మీద ఆరేసి ఉన్న కొడుకు చొక్కాను చూసింది. ఎండినదో తడిసినదో చేత్తో పట్టి చూసి, తీసి మడత పెట్టి చంకలో పెట్టుకుంది.

ఊళ్లో రాతి గోడలున్నది మిషను బడి ఒక్కటే. చేపలు పట్టే పట్టపుపాలెం జనమంతా అప్పటికే అక్కడికి చేరారు. వలలు, కోళ్లు, కుండలు, చంటిబిడ్డలు, బల్లల మీదా బల్లల కిందా మనుషులు. అబ్రహాము అయోడిన్ సీసా పట్టుకుని తిరుగుతున్నాడు. కూతురి వెనక వస్తున్న తెల్లచీరను చూసి ఒక బల్ల ఖాళీ చేయించి తుండుగుడ్డతో తుడిచాడు. గంజి పంచుతున్నారు. కనకలత తల అడ్డంగా ఊపింది. నీళ్లు ఇవ్వబోయినా వద్దంది. ఆమె చెంబు ఖాళీ అయిందని చెంబు పట్టుకున్న తీరులోనే తెలుస్తోంది. పెదాలు ఎండి చీలుతున్నాయి.

అబ్రహాము బయటికి పోయి, గాలికి పడిన టెంకాయ చెట్టు నుంచి రెండు బోండాలు తెచ్చాడు. వాటిని ఆమె ముందు పెట్టి కత్తి కూడా పక్కన పెట్టాడు.

"దీంట్లోకి మన చెయ్యి పోలేదని చెప్పు. కొట్టుకునేది కూడా ఆమెనే కొట్టుకోమను."

నారికేళం అన్న మాట నవలలో ఉంది. కనకలత విని, ఆయన ముఖం వంక ఒకసారి చూసి, కత్తి అందుకుంది. ఆమెది తూర్పు బెంగాలులో బారిసాల్ వైపు పల్లెటూరు. ఒక్క వేటుకు నెత్తి ఎగరగొట్టింది. పక్కనున్న పట్టపు ఆడవాళ్లు అది చూసి గమ్మునైపోయారు.

సాయంత్రానికి గాలి ఇంకా పెరిగింది. లాంచీ నడిపేది ముత్యాలయ్య. మొగలో ఇసుక ఏ నెలలో ఎటు జరుగుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని రేవులో పేరు. అతని భార్య మస్తానమ్మ పొద్దుటినుంచీ తలుపు దగ్గరే కూర్చుని ఉంది. ఎవరు పలకరించినా పలకలేదు. ఉన్నట్టుండి లేచి, బల్లల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చి కనకలత ఎదురుగా నిలబడింది.

"ఈయమ్మేనా ఆయనకు అమ్మ?"

అవునంది ఆనందకుమారి.

"మొన్న మా ఇంటాయన ఆ బెంగాలాయనకు చెప్పినాడు. గాలి తిరిగింది సార్, రేపొద్దు అన్నాడు. ఆయన ఇనలా. మా అమ్మ వస్తా ఉంది, నీళ్లలో తేలేసిన ఆ గుర్తు పీపాలు పీక్కొచ్చి పడేస్తే నాలుగు రోజులు నాకు పనుండదు, పోవాల్సిందే అన్నాడు. ఈమె వస్తా ఉందని నా మొగుణ్ణి సముద్రంలోకి తోలినాడు. చెప్పు టీచరమ్మా. ఒక్క మాట తగ్గించకుండా చెప్పు."

కనకలతకు మాట అర్థం కాకపోయినా వేలు తనవైపే ఉందని అర్థమైంది. ఏమంటోంది ఈమె అని అడిగింది. అబ్రహాము కూతురి పక్కకు వచ్చి, ఇప్పుడొద్దు కుమారీ, రేపు చెప్పొచ్చు అన్నాడు మెల్లగా. ఆమె కావాలంటే ఇంకేదో చెప్పొచ్చు. భర్త కోసం ఏడుస్తోంది అంటే అయిపోతుంది, అది అబద్ధం కూడా కాదు. మస్తానమ్మ కళ్లు ఆమె పెదాల మీదే ఉన్నాయి.

ఆనందకుమారి చెప్పింది. ముత్యాలయ్య వారించాడని, శిశిర్ నిర్బంధించాడని, తల్లి రాక కోసమే నిర్బంధించాడని. నిర్బంధించెను అన్న మాట నవలలో అర్మేనియా తండ్రి కూతుర్ని గదిలో పెట్టి తాళం వేసే చోట ఉంది. దానికంటే మెత్తటి మాట ఆమెకు తెలియదు.

కనకలత పొడి గొంతుతో మాట్లాడింది. వాడు చిన్నప్పటినుంచీ అంతే, అనుకున్నది ఆ పూటే అయిపోవాలి. ఆమె చెప్పింది నిజమే అయ్యుంటుంది. "తప్పు మాదేనని చెప్పు ఆమెకు. వాడిదీ, నాదీ."

ఆ మాట తెలుగులో విన్నాక మస్తానమ్మ తిరిగిపోయి తలుపు దగ్గర కూర్చుంది. కనకలత లేచి పోయి ఆమె పక్కన నేల మీద చతికిలబడింది. మస్తానమ్మ జానెడు పక్కకు జరిగింది. కనకలత లేవలేదు. ఇద్దరూ ఆ మూసిన తలుపు వైపే చూస్తూ తెల్లవార్చారు.

పొద్దున వాన తెరిపిచ్చింది. గాలి తగ్గింది గాని సముద్రం హోరు అలాగే ఉంది. పాలెం మగవాళ్లు ఉత్తరంగా కొందరు, దక్షిణంగా కొందరు ఒడ్డు వెంబడి పోయారు. కనకలత వరండాలోకి వచ్చి, పిలవకుండానే ఆనందకుమారి పక్కన నిలబడింది.

"నిన్న ఆమె అన్నది నువ్వు ఇంకోలా చెప్పి ఉండొచ్చు. నాకు తెలిసేది కాదు."

"అసత్యము పలుకుటకు చాలినన్ని మాటలు నా యొద్ద లేవు తల్లీ."

కనకలత అప్పుడు ఈ భాష ఎక్కడిదని అడిగింది. ఆనందకుమారి నవల గురించి చెప్పింది. జనపనార వ్యాపారి ఇల్లు అనగానే కనకలత చెయ్యెత్తి ఆపింది. ఆ తర్వాత జరిగేది ఆమే చెప్పుకొచ్చింది, మేడమెట్లు, లెక్కల పలక, చెల్లెలు దొంగతనంగా తలుపు తీయడం. తన పెళ్లికి ముందు, వంటిల్లు వెనక కట్టెల గదిలో దాక్కుని చదివిందట. తర్వాత భర్త పోయాడు. దేశం రెండు ముక్కలైంది. పిల్లవాడి చెయ్యి పట్టుకుని స్టీమరెక్కి కలకత్తా వచ్చేసింది. ఇల్లు, పుస్తకాలు, ఊరు అన్నీ అవతలే ఉండిపోయాయి. మిగిలింది వాడొక్కడే. ఇప్పుడు వాడు కూడా ఇంకో ఊరివాడైపోతానంటున్నాడు.

ఆమె ఆనందకుమారి వైపు తిరిగింది. "చివరికి ఆ పిల్ల చచ్చిపోతుంది కదా?"

"అవును. జ్వరముచే."

"రాసినాయనకు ఇంకో దారి లేదు. బతకనిస్తే ఆ పిల్లను ఎక్కడ పెడతాడు? ఏ ఇంట్లో పెడతాడు?"

ఆనందకుమారి "నేను మరణింపను," అంది.

"చూస్తూనే ఉన్నాను," అంది కనకలత. ఆ గొంతులో దయ లేదు గాని నిన్నటి కోపమూ లేదు. వెళ్లి మళ్లీ మస్తానమ్మ పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం దాటాక కబురొచ్చింది. దక్షిణంగా పోయినవాళ్లలో ఒకడు కాలవ గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. లాంచీ నాలుగైదు కోసుల దూరంలో ఇసుక మేటకెక్కి పడి ఉంది. మనుషులను పడవలో వేసుకుని బకింగుహాం కాలవ మీదుగా తెస్తున్నారు. ప్రాణాలతో ఉన్నారా అంటే, ఇద్దరూ ఉన్నారు, చూసుకోండి అన్నాడు. బడి మొత్తం కాలవ గట్టుకు కదిలింది.

గెడలతో తోసుకుంటూ పడవ వచ్చింది. ముత్యాలయ్య కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి శిశిర్ చొక్కా చుట్టి ఉంది. ఆ గుడ్డ నల్లబడిపోయింది. శిశిర్ పడవ అడుగున పడుకుని జ్వరంతో వణుకుతున్నాడు. మస్తానమ్మ నీళ్లలోకి దిగి పడవ అంచు పట్టుకుంది. అబ్రహాము ఆ చొక్కా విప్పి చూసి, మళ్లీ మూశాడు. లాంచీ పక్కకు ఒరిగినప్పుడు చెయ్యి ఇనప కమ్మీకీ రాయికీ మధ్య పడింది. చూపుడు వేలూ నడిమి వేలూ ఇక పనికిరావని, దారి తెరవగానే నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాలని చెప్పాడు.

కనకలత కొడుకు నుదుటి మీద అరచెయ్యి ఆనించింది. అతను కళ్లు తెరిచి అమ్మా అన్నాడు. ఆమె ఆ చెయ్యి అట్లాగే ఉంచి అడిగింది.

"వెళ్లొద్దని అతను చెప్పాడా?"

శిశిర్ ఆనందకుమారి వైపు చూశాడు, తర్వాత ముత్యాలయ్య వైపు. "చెప్పాడు."

"నువ్వు వినలేదు."

"వినలేదు."

ముత్యాలయ్యకు మాటలు తెలియకపోయినా సంగతి తెలిసింది. మొగలోకి పోవద్దు, లాంచీని దక్షిణానికి వదిలేద్దాం అంటే ఆ మాట మటుకు ఆయన విన్నాడు, అందుకే బతికినాం అని నీరసంగా అన్నాడు. మస్తానమ్మ భర్తను మాట్లాడవద్దంది.

శిశిర్‌ను డిస్పెన్సరీలో మంచం మీద పడుకోబెట్టారు. సాయంత్రానికి జ్వరం కాస్త దిగింది. కనకలత రేకుపెట్టె తెరిచి, తిరుగు ప్రయాణానికి కొన్న ఇద్దరి టిక్కెట్లూ బయటికి తీసి వాటినే చూస్తూ కూర్చుంది. కొడుకును వెంట పెట్టుకుని పోవడానికి వచ్చిందామె. అవి మళ్లీ పెట్టెలో పెట్టి కొడుకుతో, ఆ మనిషి బతుకు ఒక దారిన పడేదాకా నువ్వు ఈ ఊరు వదలడానికి లేదు, ఉద్యోగం వేరే చోటికి మారిస్తే మానుకో అంది. శిశిర్ సరేనన్నాడు. ఆ మాట నోట్లోంచి వచ్చాక, తాను ఏం చేసిందో ఆమెకు తెలిసినట్టుంది. వేళ్లు మళ్లీ మొలవవు. ఆ పని ఒక నెలలోనో రెండు నెలల్లోనో తెమిలేది కాదు, అందాకా కొడుకు ఈ ఊళ్లోనే, ఈ పిల్ల ఉన్నచోటే ఉంటాడు.

గుమ్మంలో నిలబడిన అబ్రహాము, ఏమన్నదని కూతుర్ని అడిగాడు. ఆనందకుమారి చెప్పింది. ఆయన లోపలికి పోయి కుర్చీ తెచ్చి వరండాలో వేసి, కనకలతను కూర్చోమని చెయ్యి చూపించాడు. తాను గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా ఆనందకుమారి నిలబడాల్సి వచ్చింది. తన పెళ్లి మాటలు తానే అటూ ఇటూ మోయాల్సిన ఆడపిల్ల ఆ జిల్లాలో ఇంకొకతె ఉండి ఉండదు.

"మా పిల్ల దేన్నైనా వదులుకుంటది గానీ తన దేవుణ్ణి వదలదని చెప్పు," అన్నాడు అబ్రహాము.

ఆమె చెప్పింది. నా కొడుకూ వదలడు అంది కనకలత. పెళ్లి గుడిలో జరగదు, పాస్టరుగారు ఒప్పుకోరని ఆయన చెప్పాడు. మా పురోహితుడూ గడప తొక్కడని ఆమె చెప్పింది. మా సంఘంలో నన్ను కూర్చోనీరు అన్నాడాయన. మా వీధిలో నాతో మాట్లాడరు అందామె. ఇద్దరూ కోపంగానే మాట్లాడుతున్నారు గాని, ఒకరి మీద ఒకరికి ఆ కోపం లేదని మధ్యలో ఉన్న మనిషికి తెలుస్తూ ఉంది.

తర్వాత అబ్రహాము అడగాల్సింది అడిగాడు.

"బిడ్డలు పుడితే ఎవురి దారిలో పెరగాల?"

ఆ ప్రశ్నను బెంగాలీలో పెట్టడానికి ఆనందకుమారికి సమయం పట్టింది. మంచం మీదనుంచి శిశిర్ ఏదో అనబోతే తల్లి నువ్వు గమ్మునుండు అన్నట్టు చెయ్యి చూపింది. కనకలత ఎదురుగా, గాలికి విరిగిన సరుగుడు చెట్లను చూస్తూ కూర్చుంది.

"మా ఊళ్లో ఎవరి బిడ్డలు ఏ దేశంలో ఉండాలో, ఎవరు ఎవరితో ఉండాలో పెద్దవాళ్లు కూర్చుని నిర్ణయించారు," అంది చివరికి. "దాని తర్వాత ఏం జరిగిందో నేను చూశాను. పుట్టని బిడ్డల గురించి నన్ను అడగొద్దని చెప్పు. నేను చెప్పను."

అబ్రహాము ఆ మాటలు కూతురి నోట విని, రెండోసారి చెప్పించుకున్నాడు.

"నేను ఒప్పుకున్నానని చెప్పొద్దు. అడ్డం రానని చెప్పు."

ఆనందకుమారి ఆ తేడా పోకుండా చెప్పడానికి మాటలు వెతుక్కుంది. కనకలత ఆమె చెయ్యి పట్టుకుని, చాల్లే, అర్థమైంది, నాదీ అదే మాటని మీ నాన్నకు చెప్పు అంది.

పెళ్లి మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో నెల్లూరు రిజిస్ట్రారు ఆఫీసులో అయింది. ముగ్గురు సాక్షులు కావాలి. కామాక్షయ్య సంతకం పెట్టాడు, ముత్యాలయ్య ఎడమచేతి బొటనవేలి ముద్ర వేశాడు. మూడోవాడిగా రావాల్సిన సర్వే జట్టు మనిషి రాలేదు. రిజిస్ట్రారు గడియారం చూసుకుంటూ ఉంటే, బయట మెట్ల మీద కూర్చున్న అబ్రహాము లోపలికి వచ్చి కలం అందుకున్నాడు. దాని ఫలితం ఆయన ఊహించినట్టే అయింది. సంఘం ఆయన పెద్దరికం తీసేసింది. ఒక ఏడాది ప్రభువు బల్ల దగ్గరికి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి రాకూడదంది. ఆయన ప్రతి ఆదివారం పోయి చివరి బెంచీ మీద కూర్చుని వచ్చేవాడు.

కనకలత వేసవి దాకా ఉంది. చివరిరోజు వరకూ తన అన్నం తానే వండుకుంది, కోడలి చేతి నీళ్లు మాత్రం తాగింది. శిశిర్‌ను వేరే రేవుకు మార్చినప్పుడు అతను పోలేదు. జీతం తక్కువైనా రేవు ఆఫీసులోనే గుమాస్తాగా కుదిరి, ఆఫీసర్ల చుట్టూ తిరిగి ముత్యాలయ్యకు లైట్‌హౌసు దగ్గర కాపలా ఉద్యోగం ఇప్పించాడు. ముత్యాలయ్యకు అతని మీద పగ లేదు. మస్తానమ్మ మటుకు మాట్లాడలేదు. ఎదురైతే పక్క దారిన పోయేది.

ఆనందకుమారి మొదటి కాన్పు ఇంట్లోనే అయింది. మంత్రసాని ఒక్కతే సర్దుకోలేక అల్లాడుతుంటే మస్తానమ్మ ఎవరూ పిలవకుండానే వచ్చి, చీర కుచ్చెళ్లు ఎగదోపి పనిలోకి దిగింది. బిడ్డ ఏడుపు వినబడి శిశిర్ గుమ్మంలోకి వచ్చి నిలబడిపోయాడు. మస్తానమ్మ తలెత్తి అతన్ని చూసింది.

"ఏందయ్యా అట్టా నిలబడిపోతివి? ఆ పొయ్యి మీద నీళ్లు తీసకరా, పో," అంది.

శిశిర్ నీళ్ల కోసం పరుగెత్తాడు.